దావీదు పేరున కట్టిన డబ్బాలు

2009 ఫిబ్రవరి 3, మంగళవారం

దావీదుకు ఎట్లా ఉంది? పొద్దున గోడ పట్టుకొని లేచాడు. నేను చూడలేదనుకున్నాడు నా కొడుకు. చూశాను.

కోడలికి? సుగుణకు దగ్గు తగ్గలేదు. కలప డిపోలో జామాయిల్ మొద్దులకు చెక్కు తీస్తుంది కదా, ఆ పొడి గొంతులో పడుతుంది. మిరియాల కషాయం కాచి ఇస్తే సగం తాగి సగం వాకిట్లో పారబోసింది.

మనవరాలికి? గ్రేసుకు పన్ను ఊగుతోంది. అంతకు మించి ఏమీ లేదు. ఏమీ లేకపోతే అదీ భయమే నాకు.

సమ్మయ్యకు? చిన్నప్పటి నుంచీ దావీదుకు జతగాడు, వాణ్ణి అడగనే లేదు. నిన్న మా ఇంటి ముందు నుంచే పోయాడు, చెయ్యి ఊపాడు. వాడికేం, ఏనుగులాంటివాడు.

నాకు? మోకాలు. కళ్లు. గుండెదడ. ఎప్పుడూ ఉండేవే.

ఈ డైరీ పాస్టరమ్మ ఇచ్చింది. "రూతమ్మా, దడ వచ్చినప్పుడల్లా మా గడపకు ఉరికి రాకు, దీంట్ల రాసుకో" అంది. నవ్వుతూనే అంది. రాత్రిబడి చదువు నాది, ఒత్తులు తప్పుతాయి. ఎవరు చూడొచ్చారు.

ఫిబ్రవరి 4, బుధవారం

ఎవరికీ చెప్పని సంగతి. రాస్తే కాగితానికి తెలుస్తుంది, అంతే కదా.

పోయిన వానల్లో లారీకి ఆనించిన బల్ల జారింది. భుజం మీద మొద్దుతో సహా పడ్డాడు దావీదు. భద్రాచలం దవాఖానాలో నడుం నొప్పికి సూది వేశారు, మాత్రలు ఇచ్చారు, బరువు ఎత్తొద్దన్నారు. మొద్దులు మోసేవాడు బరువు ఎత్తకుండా ఏం చేయాలి?

మొద్దులు ఎత్తే వాళ్ల ముఠా చూసుకుంది. ఒకడికి ఒళ్లు బాగుండకపోతే వాణ్ణి లారీ మీదికి ఎక్కిస్తారు. పైన నిలబడి మొద్దులు సర్దే పని. అదీ పనే, కాని భుజం మీద బరువు ఉండదు. మామూలుగా అది అందరికీ వంతుల మీద వస్తుంది. ఇప్పుడు అందరి వంతులూ దావీదువే. కింద దావీదు మోయాల్సింది సమ్మయ్య మోస్తున్నాడు. మొయ్యమని ఎవరూ చెప్పలేదు వాడికి. వాడే వచ్చి దావీదు భుజం మీది గుడ్డచుట్ట తీసి తన భుజాన వేసుకున్నాడట.

"ఇగ ఎక్కు పైకి, రాజులెక్క నిలబడు" అన్నాడట.

డిపో సారుకు తెలియదు. ఆయన లెక్కలో అందరూ మోసేవాళ్లే. తెలిస్తే ఏమంటాడో నాకు తెలుసు. పోయినేడు ముత్తయ్యను అన్నాడు — మోయలేనోనికి డిపోల ఏం పని అని. ముత్తయ్య ఇప్పుడు ములకలపల్లి బస్సుల దగ్గర శనక్కాయలు అమ్ముతున్నాడు.

ఫిబ్రవరి 6, శుక్రవారం

అన్నం దగ్గర చెప్పాడు దావీదు. హైదరాబాదు కాలేజీ వాళ్లు వస్తున్నారట. ముఠా వాళ్ల ఒంటికి చిన్న చిన్న డబ్బాలు కడతారట. ఎంత వంగాడు, ఎటు తిరిగాడు, చేతులు ఎంతసేపు పైకెత్తాడు — అన్నీ కంప్యూటర్లో పడతాయట.

"ఎందుకురా?"

"పని మనిషిని ఎంత ఇరగ్గొడుతుందో చూస్తరంట. సెన్సార్లు అంటరు వాటిని."

"లోపలి నొప్పి గూడ పడుతదా అందుల?"

"నాకేం తెల్వదమ్మా. అన్నం పెట్టు."

పెట్టాను. తినలేదు వాడు. నేనూ తినలేదు. సుగుణ ఒక్కతే తిన్నది, మాత్ర వేసుకోవాలని. చెయ్యి కడుక్కుంటూ అంది — "అత్తా, నీ భయానికి గూడ ఒక డబ్బా కట్టాలె. కంప్యూటరే కాలిపోతది."

నవ్వడానికి చూశాను.

ఫిబ్రవరి 7

ఒంటికి కడితే మోసేది ఎవడో, మోయనిది ఎవడో తెలియకుండా ఎట్లా ఉంటుంది...

ఫిబ్రవరి 8, ఆదివారం

చర్చిలో ప్రార్థన మనవులు చెప్పమన్నారు. లేచి నిలబడ్డాను. అందరూ నా వైపు. గొంతు దాకా వచ్చింది. "మోకాలు" అన్నాను. అందరూ కలిసి నా మోకాలి కోసం ప్రార్థన చేశారు. తల ఎత్తలేకపోయాను.

ఫిబ్రవరి 10, మంగళవారం

ముఠా మేస్త్రి ఎంకన్న సాయంత్రం ఇంటికి వచ్చాడు. మంచం మీద కూర్చొని చాలాసేపు మా మేక గురించి మాట్లాడాడు. తర్వాత —

"రూతవ్వా, పరేషాన్ గాకు. వాళ్లకు మన మొఖాలు తెల్వయి. కాగితం చూసి పేరు పిలుస్తరు, పోయినోనికి కడతరు. దావీదు అని పిలిస్తే సమ్మయ్య పోతడు. సమ్మయ్య అని పిలిస్తే దావీదు పోతడు. దావీదు పేరున మోసినట్టు పడుతది, సమ్మయ్య మీద సారుకు అనుమానమే రాదు. గంతే."

"సారు చూస్తే?"

"సారు లారీ కాగితాల కాడ ఉంటడు. ఎండల నిలబడతడా ఆయన?"

"తెలిస్తే ఎట్ల ఎంకన్నా?"

"ఎట్ల తెలుస్తది? డబ్బా నోరు తెరిచి చెప్తదా?"

దావీదు నేల చూస్తూ కూర్చున్నాడు. వద్దు అనలేదు. సరే అని కూడా అనలేదు. నేనే అన్నాను సరే అని. సమ్మయ్యను పిలుచుకు రమ్మన్నది కూడా నేనే. ఎండుచేపల కూర ఉంది, పెట్టాను. రెండు చేతులూ పట్టుకున్నాను వాడివి.

"బిడ్డా, నీ కాళ్లు మొక్కుత..."

"ఊకో పెద్దమ్మా. నీ కూర పెడితే రోజూ దావీదునైత నేను."

నిలబడే తిన్నాడు. కూర్చోరా అంటే "కూసుంటే ఎక్కువ తింట, మీకు మిగలదు" అన్నాడు. అందరం నవ్వాం.

ఫిబ్రవరి 12, గురువారం

అయింది.

అన్నం క్యారేజీ తీసుకొని పోయేసరికి జామాయిల్ కుప్పల పక్కన టెంటు. ఒక మేడం, ఇద్దరు పిల్లగాళ్లు. మేడం సన్నగా ఉంది, నెత్తి మీద టోపీ. ముట్టుకునే ముందు ఒక్కొక్కరినీ అడుగుతోంది — "కట్టొచ్చా అన్నా? బిగుతుగా ఉందా?" అగ్గిపెట్టెలంత డబ్బాలు, సాగే పట్టీలు. మణికట్టుకు, జబ్బలకు, వీపుకు, నడుముకు, తొడలకు. రెండు జతలే ఉన్నాయట, ఇద్దరిద్దరికి కడుతున్నారు.

"దావీదు" అని పిలిచింది. సమ్మయ్య పోయాడు.

"సమ్మయ్య" అంది. నా కొడుకు పోయాడు.

పని మొదలుపెట్టే ముందు రెండు చేతులూ చాపి కదలకుండా నిలబడాలట, కంప్యూటరు మనిషి కొలత పట్టుకోవడానికి. సమ్మయ్య నిలబడ్డాడు ఎండలో, చేతులు చాపి. నా కొడుకు పేరున. నేను ఆ పక్కకు చూడలేదు.

తర్వాత దావీదు లారీ పైన, సమ్మయ్య కింద. రోజూ లాగే. మొద్దు ఎత్తడం, భుజాన వేసుకోవడం, బల్ల ఎక్కడం.

అన్నం వేళ అలవాటుగా "దావీదూ..." అనబోయి నాలుక కరుచుకున్నాను. రక్తం రుచి తగిలింది. మేడం చూసింది.

"అమ్మా, మీవాళ్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ?"

ఎంకన్నే ముందు అన్నాడు — "దావీదు వాళ్ల అమ్మ మేడం."

"ఓ, ఈయనేనా మీ అబ్బాయి?" సమ్మయ్య వైపు చూపించింది.

"అవ్" అన్నాను. నోరు దానంతట అదే అంది.

క్యారేజీ సమ్మయ్య చేతిలో పెట్టాను. పెట్టాలి కదా, నా కొడుకు కదా. పై నుంచి దావీదు చూస్తున్నాడు. వాడు సమ్మయ్య తెచ్చుకున్న జొన్నరొట్టె తిన్నాడు. చిన్నప్పటి నుంచీ ఒకడి తిండి ఒకడు తింటూనే ఉన్నారు. అయినా ఈ రోజు అట్లా అనిపించలేదు.

ఫిబ్రవరి 13, శుక్రవారం

నిన్న రాయలేకపోయిన దాన్ని ఈ రోజు రాస్తాను.

రెండో లారీ రావడానికి ఆలస్యమైంది. మేడం పిలిచింది, "చూస్తారా అమ్మా, పొద్దుటిదే, మీ అబ్బాయి పని చేస్తున్నది." కంప్యూటర్లో రెండు బొమ్మలు. పుల్లలతో చేసినట్టు. తల ఒక ఉండ, చేతులు పుల్లలు, కాళ్లు పుల్లలు. వంగితే వంగుతున్నాయి, లేస్తే లేస్తున్నాయి. ఒళ్లు తేలికగా ఉంటే ఆకుపచ్చ, బరువు పడితే పసుపు, మరీ ఎక్కువైతే ఎరుపు.

లుంగీ లేదు, చొక్కా లేదు, ముఖం లేదు, నవ్వు లేదు. ఎముకలే.

ఒక బొమ్మ వంగే ముందు తొడ మీద చెయ్యి పెట్టుకుంటోంది. ఆగుతోంది. అప్పుడు వంగుతోంది. లేచాక ఒక ఊపిరి సేపు కదలడం లేదు, కుడివైపుకు ఒరిగి. నా కొడుకు. పేరు సమ్మయ్యదే రాసి ఉంది, కాని నా కొడుకే. నాకు ఇన్ని రోజులూ చూపించనిది ఆ పుల్లలు చూపించాయి. తగ్గిందమ్మా, తగ్గిందమ్మా అంటున్నాడు కదా వాడు నాతో. ఏం తగ్గింది?

"అది కాదమ్మా, ఇది మీ అబ్బాయిది" అని మేడం రెండో బొమ్మ చూపించింది.

అది మోస్తోంది. నడుం దగ్గర ఎరుపు. దించుతుంది, పోతుంది, మళ్లీ ఎరుపు. ఎడమకాలు ఈడుస్తోంది. సమ్మయ్యకు కాలు ఈడ్చే అలవాటు లేదు. వాడి నడక నాకు తెలియదా? వాడు నడుస్తూ పాడతాడు, జోకులు వేస్తాడు, అందరూ వాడి నోటినే చూస్తారు. కాలు ఎవరు చూశారు?

మేడం కళ్లు చిట్లించింది. "ఈయన ఒక్కరే ఎందుకు ఇంత మోస్తున్నారు?"

నేను క్యారేజీ గిన్నెలు సర్దుకున్నాను. సర్దినవే మళ్లీ సర్దాను.

ఫిబ్రవరి 15, ఆదివారం

దావీదుకు ఎట్లా ఉంది — తెలుసు ఇప్పుడు. సుగుణకు దగ్గు కొంచెం నయం. గ్రేసు పన్ను ఊడింది, చూరు మీద వేసింది.

సమ్మయ్యకు ఎట్లా ఉంది? అడగాలి. పోలేదు. కాళ్లు ఆ వాడ వైపు తిరగడం లేదు.

ఫిబ్రవరి 17

చర్ల పోయే బస్సు ఆపారట, పోలీసులు తనిఖీ చేస్తున్నారట. జీపు శబ్దం వినిపిస్తే చాలు డిపో వాళ్లు మా ఇంటికే వస్తున్నారనిపిస్తుంది. కోళ్లు అరిస్తే కూడా.

ఫిబ్రవరి 20, శుక్రవారం

మేడం ఫోను చేసిందట సారుకు. సారు దావీదును ఆఫీసు గదిలోకి పిలిచాడు. దావీదు వచ్చి చెప్తుంటే పెదవులు తెల్లగా ఉన్నాయి.

దావీదు అనే ఆయన నడుం ప్రమాదంలో ఉందట. ఇద్దరు మోయాల్సింది ఒక్కడే మోస్తున్నట్టు ఉందట. వెంటనే మోసే పని ఆపించాలి, డాక్టరుకు చూపించాలి అందట మేడం.

"సారు ఏమన్నడు?"

"గింత మోస్తున్నవా దావీదూ, నాకు తెల్వనే తెల్వదు అన్నడు. భుజం తట్టిండు." తట్టిన చోట చెయ్యి పెట్టుకున్నాడు. "భుజం తట్టిండమ్మా నన్ను."

వచ్చే నెల తొమ్మిదో తారీకు, సోమవారం, భద్రాచలం తీసుకుపోయి ఫోటో తీయిస్తారట నడుముకు. బాగుంటే పనిలో ఉంటాడు. బాగలేకపోతే — "తర్వాత చూద్దాం" అన్నాడట. తర్వాత చూద్దాం అంటే ముత్తయ్య శనక్కాయలు.

దాపెట్టడానికి చేసినదే తలుపు తెరిచింది. నేను సరే అన్నాను. నేనే.

కాని ఆ మాట... ఇద్దరు మోయాల్సింది ఒక్కడే. చెవుల్లోంచి పోవడం లేదు.

ఫిబ్రవరి 21, శనివారం

ఈ రోజు పోయాను. గుడ్లు ఇచ్చే వంక పెట్టుకొని. సమ్మయ్య పనికి పోయాడు. భార్య కౌసల్య చంటిపిల్లకు పాలిస్తోంది. ఇంట్లో దూలానికి పాత చీర కట్టి వేలాడుతోంది. ఉయ్యాలేమో అనుకున్నాను. ఉయ్యాల అటు పక్కన ఉంది.

"ఇదేందమ్మా?"

కౌసల్య పిల్లను ఇంకో పక్కకు మార్చుకుంది.

"గది పట్టుకొనే లేస్తడు అత్తా. పొద్దుగాల ఎడమకాలు చెప్పినట్టు ఇనదు. నేను ఎనకనుంచి లేపుత. లేచి, కాసేపు గోడకు నిలబడి, ముఖం కడుక్కొని, నవ్వుకుంట బయటికి పోతడు. బయట అడుగు పెట్టంగనే పాట."

"దవాఖానాకు..."

"పోడు. పోతే దావీదన్న సంగతి బయటపడుతదంటడు. అరికాలుకు ముల్లు ఇరిగినా తెలుస్తలేదు అత్తా. మొన్న నేను తీసిన, రక్తం కారుతుంటే గూడ తను పిల్లతోటి ఆడుకుంటుండు."

గుడ్లు కింద పెట్టాను. ఒకటి పగిలింది.

"మీ దావీదుకు చెప్పకుండ్రి అత్తా. మా ఆయన నా మీద కోపమైతడు."

దారి పొడుగునా ఇప్పచెట్లు. ఆకు రాలుస్తున్నాయి. ఒక చెట్టు కింద కూర్చున్నాను. ఏడుపు రాలేదు. వస్తే బాగుండేది.

ఫిబ్రవరి 22, ఆదివారం

దావీదుకు చెప్పాను. చెప్పొద్దన్నా చెప్పాను.

"తెలుసు" అన్నాడు.

"తెలుసా!"

"పై నుంచి అన్నీ కనపడ్తయమ్మా. అందరి నెత్తులూ, అందరి నడకలూ. వాడి కాలు నాకు దసరా ముందునుంచే కనపడ్తుంది. నువ్ పైకెక్కు, నేను దిగి మోస్త అంటే — నాలుగు రోజులు, నాలుగు రోజులు అంటడు. నేను మొద్దు ఎత్తపోతే గుంజుకుంటడు. ఒకనాడు కొట్టుకున్నం గూడ."

"మరి?"

"మరేందమ్మా? నేను దిగి మోస్తే నేను పడిపోత. నేను ఆడికెళ్లి ఎల్లిపోతే మీరేం తింటరు? ఆ దగ్గు మనిషి ఒక్కతే చెక్కు తీసి మిమ్మల్ని సాకుతదా?"

తల గోడకు ఆనించుకున్నాడు. ముప్పై దాటినవాడు. చిన్నప్పుడు తేలు కుట్టినప్పుడు కూడా ఇట్లా ఏడవలేదు.

సుగుణ పొయ్యి దగ్గర నుంచి కదలలేదు. అన్నం మాడింది. మాడిన అన్నమే తిన్నాం.

ఫిబ్రవరి 23, సోమవారం

ఎంకన్న కొత్త మాట తెచ్చాడు. దావీదు పోతే ఫోటోలో పాతదెబ్బ పడుతుంది. సమ్మయ్య పోతే వాడిదీ బాగలేదు. అందుకని ముఠాలో చిన్నోడు రాజును పంపుతాడట, దావీదు అని; దవాఖానాకు సారు రాడట, మేస్త్రినే తీసుకుపొమ్మన్నాడట. వాడి నడుం ఇనుప కడ్డీ. ఫోటో మంచిగ వస్తుంది, సారు నమ్ముతాడు, అంతా ఎప్పటిలాగే.

"ఎప్పటిలాగే అంటే సమ్మయ్య మోసుడేనా?"

"మెల్లగ అందరం పంచుకుంటం రూతవ్వా."

"ఇన్నాళ్లు ఎందుకు పంచుకోలే?"

ఎంకన్నకు కోపం వచ్చింది. మంచివాడే. కాని కోపం వచ్చింది. "ముఠాల ప్రతోనికి ఏదో ఒకటి ఉంది. ఒకనికి మోకాలు, ఒకనికి మెడ. ఎవ్వడూ సక్కగ లేడు. నిజం చెప్తనంటే చెప్పు పో. మోసం చేసిండ్రని ముఠా మొత్తాన్ని ఎల్లగొడతరు. అందరి పొయ్యిలు ఆరుతయి. నీ పేరు చెప్పుకుంటరు."

చెప్పు పో అన్నాడు కాని, చెప్పొద్దని అన్నట్టే.

ఫిబ్రవరి 25, భస్మ బుధవారం

నుదుట బూడిద రాయించుకున్నాను. శ్రమదినాలు మొదలు. ఈ నలభై రోజులూ ఏది మానుకుంటావు రూతమ్మా అని పాస్టరమ్మ అడిగింది. చాయ్ మానుకుంటానన్నాను.

చాయ్ తాగుతూనే రాస్తున్నాను ఇది. ఏ మాటా నిలబెట్టుకోలేని మనిషిని.

ఫిబ్రవరి 27

ప్రభువా.

ఇంకేం రాయాలో తెలియదు.

మార్చి 2, సోమవారం

మేడం మళ్లీ వచ్చింది. ఈసారి చెక్కు తీసే ఆడవాళ్లకు కట్టడానికి. సుగుణ చేతులకు కూడా కట్టింది. నేను క్యారేజీతో పోయాను. వెళ్లకూడదనుకొని వెళ్లాను.

దావీదు లారీ మీదే ఉన్నాడు. కింద సమ్మయ్య లేడు. మొదటిసారి — ఈ రోజు పనికి రాలేదు. లేవలేదట. చీర పట్టుకున్నా లేవలేదట.

మేడం నన్ను గుర్తుపట్టింది. "అమ్మా, దావీదు గారు కనిపించడం లేదు?"

దావీదు మా నెత్తి మీదే నిలబడి ఉన్నాడు. వింటున్నాడు. చేతిలో మొద్దు అట్లాగే పట్టుకొని.

"ఇంట్ల ఉన్నడు" అన్నాను. "లేస్తలేడు."

మేడం ముఖం మారిపోయింది. నిజంగా. టోపీ తీసేసింది. "కాలు తిమ్మిరి ఉందా? మూత్రానికి ఇబ్బంది ఉందా? అడిగారా?" నాకు తెలియదన్నాను. "ఇట్లాంటివి ఆలస్యం చేస్తే మనిషి మళ్లీ నడవకపోవచ్చమ్మా. వచ్చే సోమవారం దాకా ఆగొద్దు. దవాఖానాలో నాకు తెలిసిన ఎముకల డాక్టరున్నాడు, నేనే తీసుకెళ్తాను. ఇప్పుడే వస్తాను మీ ఇంటికి."

ఇప్పుడే! "ఇప్పుడొద్దు మేడం..." ఎందుకొద్దో నాకే తెలియదు. ఏదో అన్నాను. ఇల్లు బాగలేదన్నాను. ఇల్లు బాగలేదట!

"ఈ లోపల కాలు ఇంకా బలం తగ్గినా, మూత్రం ఆగినా ఒక్క గంట కూడా ఆగకుండా దవాఖానాకు తీసుకుపోండి." రెండుసార్లు చెప్పింది. నన్ను తిరిగి చెప్పమంది. చెప్పాను, బడిపిల్లలాగా. "అది లేకపోతే శనివారం పొద్దున వస్తాను. తప్పకుండా ఉండమనండి."

మార్చి 3, మంగళవారం

కౌసల్యకు ఆ మాటలు పోయి చెప్పాను. ఎవరు చెప్పారో చెప్పలేదు. మూత్రం బాగానే వస్తోందట. కాలు అట్లాగే ఉందట. సమ్మయ్య బోర్లా పడుకొని ఉన్నాడు. నన్ను చూసి — "పెద్దమ్మా, ఎండుచేపలేవి?"

"దవాఖానాకు పోదాం రా కొడకా. నేనొస్త."

"నీ మోకాలుతోటా? నిన్నెవరు మోస్తరు మళ్ల? నేనే మోయాలె."

నవ్వాడు. కౌసల్య నవ్వలేదు. నేనూ.

వాడి అరికాలు చూశాను. పుండు. వేలు పెట్టి నొక్కాను. వాడు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. తెలియలేదు వాడికి.

నా కొడుకుకు నేను తల్లిని. వీడికి? పెద్దమ్మ అంటాడు. ఆ రోజు అవ్ అన్నాను కదా మేడంతో, ఈయనే మా అబ్బాయి అని.

మార్చి 4, బుధవారం

చెప్తే దావీదు పని పోతుంది. ముఠా పోవచ్చు. చెప్పకపోతే సమ్మయ్య కాలు పోతుంది. అటు తిప్పి రాసినా ఇటు తిప్పి రాసినా ఇంతే ఉంది. కాగితం కూడా ఏమీ చెప్పదు.

డాక్టరు దగ్గరకు వాణ్ణి దావీదు అనే తీసుకుపోనిద్దామా అనుకున్నాను కాసేపు. మేడంకు దావీదంటే వాడి ముఖమే కదా. వాడికి వైద్యం జరుగుతుంది... మరి సారు ముందు? దావీదు మంచాన పడ్డాడని మేడం చెప్తే, సారు కళ్ల ముందే దావీదు లారీ మీద నిలబడి ఉంటాడు. ఇంకో అబద్ధం కావాలి. దానికింకొకటి. నా బుర్ర అంత దూరం పోదు.

మార్చి 5, గురువారం

మళ్లీ పోయాను సమ్మయ్య ఇంటికి. ఈ రోజు లేచి కూర్చున్నాడు, గోడకు ఆనుకొని.

"శనివారం మా ఇంట్ల తిందురు ఇద్దరూ. పిల్లను గూడ తీసుకొని రాండ్రి. దావీదు, ఎంకన్న వచ్చి నిన్ను మంచం మీద తెస్తరు."

"ఏంది పెద్దమ్మా, శ్రమదినాలల్ల విందా? పాస్టరు గారు ఊకుంటరా?"

"ఎండుచేపలే. విందేం కాదు."

"గట్లయితే మంచం అక్కర్లే, ఉరికొస్త."

మేడం వస్తుందని చెప్పలేదు. దావీదుకూ చెప్పలేదు, ఎంకన్నకూ చెప్పలేదు. సుగుణకు ఒక్కదానికే చెప్పాను, పెరట్లో. కత్తిపీట మీద ఉల్లిపాయ ఆపి నా వైపు చూసింది.

"తర్వాత మనం ఏం చేసుకొని బతుకుదాం అత్తా?"

"తెల్వది బిడ్డా."

మళ్లీ ఉల్లిపాయ కోసింది. తర్వాత — "ఎండుచేపలు ఇంట్ల లేవు. రేపు సంతల తెస్త" అంది.

పాస్టరమ్మ దగ్గర ఒక కుర్చీ అడిగి తెచ్చాను, మేడం కూర్చోవడానికి. ఎవరొస్తున్నారు అని అడిగింది. చుట్టాలు అన్నాను. దారిలో రెండుసార్లు ఆగి ఆ కుర్చీలోనే కూర్చున్నాను, మోకాలు నొప్పికి.

శనివారం పొద్దున మేడం బస్సుకు దిగుతుంది. వాకిట్లో ఇద్దరూ ఉంటారు. ఆమె లోపలికి వస్తూనే సమ్మయ్యను చూసి దావీదు గారూ అంటుంది. అప్పుడు నేను నా కొడుకును పేరు పెట్టి పిలవాలి. అంతే పని. పుట్టినప్పటి నుంచీ పిలుస్తున్న పేరు. ఇప్పుడు ఇంట్లో ఎవరూ లేరు కదా అని పిలిచి చూశాను. గొంతు రాలేదు.

శనివారం. మార్చి ఏడు, ఎల్లుండి.